నలభై శాతం, ఇరవై ఎనిమిది వాటాలు

2014 అక్టోబరు 23న బ్రస్సెల్స్‌లో సమావేశమైన 28 దేశాల అధినేతలు బల్ల దగ్గర్నుంచి లేచేసరికి అర్ధరాత్రి దాటింది. తేల్చాల్సింది పైకి చిన్న విషయంలాగే కనిపిస్తుంది. 2030 నాటికి ఐరోపా యూనియన్ దేశాలన్నీ కలిసి హరితగృహ వాయువుల ఉద్గారాలను 1990 నాటి స్థాయి నుంచి ఎంత శాతం తగ్గించాలి? జవాబుని యూరోపియన్ కమిషన్ ఆ ఏడాది జనవరిలోనే కాగితం మీద పెట్టేసింది: 40. ఆ రాత్రి ఆ అంకె మీద పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా దాని చుట్టూ ఉన్నవాటి మీద.

నెల రోజుల కిందటే పోలండ్ ప్రధాని అయిన ఎవా కోపాచ్, దీనివల్ల మా ప్రజల కరెంటు బిల్లులు పెరిగితే ఒప్పుకోనని ఇంటి దగ్గర మాటిచ్చి మరీ వచ్చారు. ఆ దేశంలో కరెంటు ఎనభై శాతానికి పైగా బొగ్గు నుంచే వచ్చేది. ఐరోపా మొత్తంలో ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలే విద్యుత్ కేంద్రం బెవ్హాటూఫ్ అక్కడే ఉంది. అయిదు వేల మెగావాట్ల లిగ్నైట్ కేంద్రం అది. మన సింహాద్రి కేంద్రం సామర్థ్యం రెండు వేలు. పోర్చుగల్, స్పెయిన్‌లది వేరే గోడు. మా దగ్గర గాలి, ఎండ పుష్కలంగా ఉన్నాయి, ఫ్రాన్స్‌లోకి కరెంటు పంపడానికి లైన్లే లేవు, ముందు అవి వేయించండి అన్నాయి. బ్రిటన్‌కి ఉద్గారాల లక్ష్యం ఒక్కటి చాలు. గాలిమరలు పెట్టుకోవాలో అణువిద్యుత్తు పెట్టుకోవాలో తన ఇష్టం అంది. జర్మనీ, డెన్మార్క్‌లకు మాత్రం పునరుత్పాదక ఇంధనానికి విడిగా లక్ష్యం ఉండి తీరాలి.

చివరికి అందరికీ ఏదో ఒకటి దక్కింది. ఉద్గారాల తగ్గింపు కనీసం 40 శాతం. పునరుత్పాదక ఇంధనం వాటా కనీసం 27 శాతం. ఇంధన పొదుపు 27 శాతం, అదీ కట్టుబాటు కాకుండా సూచనగా. పోలండ్ లాంటి దేశాల బొగ్గు కేంద్రాలకు కార్బన్ వదలడానికి కొంతకాలం ఉచిత పర్మిట్లు, వాటిని ఆధునికీకరించడానికి ఒక నిధి. పోర్చుగల్, స్పెయిన్‌లకు లైన్ల మీద హామీ. మర్నాడు పర్యావరణ సంఘాలు ఇది సంతలో బేరం అని విమర్శించాయి. బేరమే, సందేహం లేదు. కానీ సార్వభౌమాధికారం ఉన్న దేశాల మధ్య ముప్ఫై, నలభై ఏళ్ల లక్ష్యం పుట్టడానికి ఇంకో దారి ఉన్నట్టు నాకు కనిపించదు. వాతావరణ శాస్త్రం మొత్తం మీద ఎంత తగ్గాలో చెప్పగలదు. అందులో ఎవరి వాటా ఎంతో చెప్పడం దాని పని కాదు. ఈ అధ్యాయం ఆ రెండో లెక్క గురించి.

ముందు 40 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ముందుకు చూస్తూ వేసిన అంచనా కాదది, వెనక్కి నడిచి పట్టుకున్న అంకె. 2007లో వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, తన నాలుగో నివేదికలో ఉష్ణోగ్రత పెరుగుదలను రెండు డిగ్రీల దగ్గర ఆపాలంటే సంపన్న దేశాలు 2050 నాటికి 80 నుంచి 95 శాతం తగ్గించాల్సి ఉంటుందన్న శ్రేణిని ఇచ్చింది. 2009 అక్టోబరులో ఐరోపా నాయకులు దాన్ని తమ లక్ష్యంగా ఒప్పుకున్నారు. 2050లో ఒక మేకు పాతాక, అక్కడి నుంచి ఇవాళ్టి దాకా తాడు లాగితే మధ్యలో ఏ ఏడాది ఎక్కడ ఉండాలో తేలుతుంది. 2011లో కమిషన్ విడుదల చేసిన దారిపటంలో ఆ మజిలీలు ఇవి: 2020కి 25 శాతం, 2030కి 40, 2040కి 60, 2050కి 80. ఏథెన్స్ జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయంలో తయారైన ప్రైమ్స్ అనే కంప్యూటర్ నమూనా దీనికి ఆధారం. ఏ దేశంలో ఎన్ని విద్యుత్ కేంద్రాలున్నాయి, ఏవి ఎప్పుడు ముసలివవుతాయి, ఇంధనం ధర పెరిగితే జనం ఏం చేస్తారు లాంటివన్నీ అది లెక్కగడుతుంది.

విద్యుత్ కేంద్రాల వయసు ఇందులో కీలకం. ఒక బొగ్గు కేంద్రం కడితే నలభై ఏళ్లు నడుస్తుంది. 2015లో కట్టినది 2055లోనూ పొగ వదులుతూనే ఉంటుంది. అయిదేళ్లకోసారి ఎన్నికలకు వెళ్లే ప్రభుత్వాలు ముప్ఫై అయిదేళ్ల అవతలి ఏడాది గురించి ఎందుకు కొట్టుకుంటాయన్న ప్రశ్నకి సమాధానం అక్కడ ఉంది. బ్యాంకు ఇవాళ అప్పివ్వాలా వద్దా అన్నది ఆ దూరపు ఏడాది మీదే ఆధారపడుతుంది.

నమూనాలకి గుడ్డితనం ఒకటుంది. గడచిన ధరలే వాటికి తెలుసు. సౌర పలకల ధరలు అంత వేగంగా పడిపోతాయని 2011 నాటి నమూనాలు ఊహించలేదు. అందుకే 2014లో గిలగిల్లాడుతూ ఒప్పుకున్న 27 శాతం పునరుత్పాదక వాటా నాలుగేళ్లకే 32 అయింది, 2023లో 42.5కి చేరింది. అంత గొడవపడి నిలబెట్టుకున్న అంకె అంత తొందరగా పాతబడటం చూస్తే నవ్వొస్తుంది. దూరపు లక్ష్యాన్ని మధ్యలో సవరించే తలుపు ఒకటి తెరిచి ఉంచాలని కూడా దాన్నిబట్టి తెలుస్తుంది, పెంచడానికే తెరుచుకునే తలుపు అయితే.

ఇక 1990. తగ్గింపు ఎక్కడి నుంచి మొదలుపెట్టి లెక్కించాలి అన్నది పైకి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ సగం యుద్ధం అక్కడే జరుగుతుంది. 1990 తర్వాత తూర్పు జర్మనీలో పాత కర్మాగారాలు మూతపడ్డాయి. బ్రిటన్‌లో బొగ్గు కేంద్రాల స్థానంలో ఉత్తర సముద్రపు గ్యాసుతో నడిచేవి వచ్చాయి. ఈ రెండూ వాతావరణం కోసం జరిగినవి కావు. అయినా 1990 నుంచి లెక్కిస్తే ఆ తగ్గుదలంతా ఆ రెండు దేశాల జమఖాతాలో పడుతుంది. కమ్యూనిస్టు పాలనలోంచి బయటపడిన దేశాల సంగతి ఇంకా విచిత్రం. వాటి పరిశ్రమలు 1990కి ముందే కుప్పకూలడం మొదలైంది. అందుకే 1997లో కుదిరిన క్యోటో వాతావరణ ఒప్పందంలో ఆధార సంవత్సరాన్ని అవి ఇంకా వెనక్కి జరిపించుకున్నాయి: పోలండ్, బల్గేరియాలకు 1988, రుమేనియాకు 1989, స్లొవేనియాకు 1986, హంగరీకి 1985 నుంచి 87 దాకా మూడేళ్ల సగటు. ఎంత ఎత్తు నుంచి కొలిస్తే అంత పల్లం కనిపిస్తుంది. 2014 చర్చల నాటికి ఐరోపా యూనియన్ ఉద్గారాలు 1990తో పోలిస్తే దాదాపు 18, 19 శాతం తగ్గిపోయే ఉన్నాయి. అంటే 40లో సగం దారి, చర్చ మొదలుకాకముందే నడిచేసినట్టు.

ఉమ్మడి అంకెను దేశాల వారీగా పంచే పని ఐరోపాలో మొదటిసారి గట్టిగా జరిగింది 1997లో. అప్పుడు యూనియన్‌లో 15 దేశాలు. ఆ ఏడాది డిసెంబరులో క్యోటో సమావేశం. ఆ లోపు మా ఉమ్మడి ప్రతిపాదన ఇదీ అని చెప్పుకోవాలి. అధ్యక్ష స్థానంలో ఉన్న నెదర్లాండ్స్ ఈ చిక్కుముడిని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకుల చేతిలో పెట్టింది. వాళ్లు దేశాల గురించి వాదించడం పక్కనపెట్టి, ప్రతి దేశాన్నీ మూడు ముక్కలుగా విడగొట్టారు. ఒకటి కరెంటు తయారీ. రెండు ఉక్కు, సిమెంటు, రసాయనాల లాంటి భారీ పరిశ్రమ, అంటే దేశం దాటి అమ్ముకునే సరుకు. మూడు ఇళ్లు, దుకాణాలు, రవాణా, చిన్న పరిశ్రమ. మూడు ముక్కలకూ మూడు రకాల సూత్రాలు. మూడో ముక్కలో అందరి తలసరి వాడకమూ మెల్లగా ఒకే స్థాయికి రావాలి; గ్రీసు వాడు పెరగొచ్చు, జర్మనీ వాడు తగ్గాలి. రెండో ముక్కలో సామర్థ్యం మెరుగుపరచమంటారే గానీ ఫ్యాక్టరీ మూసేయమనరు. ఒకటో ముక్కలో ఎవరికి ఏ ఇంధనం అందుబాటులో ఉందో చూస్తారు.

ఈ పద్ధతి చేసిన మేలు ఏమిటంటే, ప్రతి దేశానికీ తన ప్రత్యేక పరిస్థితి గురించి మాట్లాడే చోటు దొరికింది. లక్సెంబర్గ్‌నే తీసుకోండి. ఊరంత దేశం, దాని ఉద్గారాల్లో సింహభాగం ఒక్క ఉక్కు పరిశ్రమది. ఆ పరిశ్రమ అప్పటికే బ్లాస్ట్ ఫర్నేసులు ఆపి, పాత ఇనుమును కరిగించే విద్యుత్ ఆర్క్ ఫర్నేసులకు మారుతోంది. కాబట్టి 28 శాతం తగ్గింపుకి అది సంతోషంగా సంతకం పెట్టింది. 1998లో ఖరారైన పట్టికలో జర్మనీ, డెన్మార్క్‌లది మైనస్ 21, బ్రిటన్‌ది మైనస్ 12.5. ఫ్రాన్స్‌కి సున్నా, ఎందుకంటే దాని కరెంటు చాలావరకు అణువిద్యుత్తే. స్పెయిన్‌కి ప్లస్ 15, గ్రీసుకి ప్లస్ 25, పోర్చుగల్‌కి ప్లస్ 27. ప్లస్ అంటే పెంచుకోవచ్చని! అన్నీ కలిపితే మైనస్ 8. ఒక సమూహం మొత్తంగా తగ్గాలంటే అందులో అందరూ తగ్గనక్కర్లేదు. పేద దేశాలు ఈ మాట ప్రపంచ వేదికల మీద ఎప్పటినుంచో అంటున్నాయి. ఐరోపా తన ఇంట్లో దాన్ని నిశ్శబ్దంగా ఒప్పుకుంది.

తెలుగు పాఠకులకు ఈ తంతు కొత్తది కాదు. కృష్ణా జలాల్లో 75 శాతం విశ్వసనీయతతో దొరికే 2,060 టీఎంసీలను బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. పంచేటప్పుడు 1960 సెప్టెంబరు నాటికే నడుస్తున్న, పరిశీలనలో ఉన్న ప్రాజెక్టుల వాడకానికి ముందు రక్షణ ఇచ్చింది. అప్పటికి ఆనకట్టలు కట్టుకున్నవాడు లాభపడ్డాడు, కట్టుకోలేనివాడు ఇప్పటికీ అన్యాయం జరిగిందంటున్నాడు. 1960 అన్నచోట 1990 అని రాసి, టీఎంసీలన్నచోట టన్నులని రాస్తే బ్రస్సెల్స్ వాదనల్లో సగం మనకు అనువాదం అక్కర్లేకుండా అర్థమవుతాయి.

2007 మార్చిలో, జర్మనీ అధ్యక్షతన, మరో మూడు లక్ష్యాలు వచ్చాయి. 2020 నాటికి ఉద్గారాలు 20 శాతం తగ్గించడం, పునరుత్పాదక ఇంధనం 20 శాతానికి తేవడం, ఇంధన వాడకం అంచనా కంటే 20 శాతం తగ్గించడం. మూడు ఇరవైలు! శాస్త్రం ఇంత గుండ్రటి అంకెలు ఇవ్వదు. నోటికి తిరగాలనే ఆ పొందిక. కానీ దీని వెనక పంపకం లెక్క మాత్రం చక్కగా వేశారు. పునరుత్పాదక ఇంధనం వాటా 2005లో యూనియన్ మొత్తం మీద 8.5 శాతం. 20కి చేరాలంటే 11.5 పెరగాలి. అందులో దాదాపు సగాన్ని అందరి నెత్తినా సమానంగా 5.5గా వేశారు. మిగతా సగం తలసరి ఆదాయాన్ని బట్టి.

రెండు దేశాలకు ఈ లెక్క వేసి చూస్తే దాని రుచి తెలుస్తుంది. బ్రిటన్ 2005లో 1.3 శాతం దగ్గరుంది. సమాన వాటా 5.5 కలిపితే 6.8. ధనిక దేశం కాబట్టి ఆదాయం లెక్కన మరో 8.2 పడింది. లక్ష్యం 15. రుమేనియా కొండల్లో జలవిద్యుత్తు, పల్లెల్లో కట్టెల పొయ్యిల పుణ్యమా అని అప్పటికే 17.8 శాతం దగ్గరుంది. 5.5 కలిపితే 23.3. పేద దేశం కాబట్టి ఆదాయం లెక్కన పడింది 0.7 మాత్రమే. లక్ష్యం 24. పైకి చూస్తే రుమేనియా లక్ష్యం పెద్దది, కానీ నడవాల్సిన దూరం బ్రిటన్‌కి రెట్టింపు కంటే ఎక్కువ. పత్రికల్లో పట్టికలు చూసి ఏ దేశానికి పట్టుదల ఎక్కువ అని తేల్చేసేవాళ్లు ఈ తేడాను తరచుగా మరిచిపోతారు.

ఇక్కడొక ధర్మసంకటం ఉంది. టన్ను కార్బన్‌ని తగ్గించడం ఎక్కడ చవక? పాత, అసమర్థమైన బొగ్గు కేంద్రాలున్న పేద దేశాల్లో. ఎవరు ఖర్చు భరించాలి? డబ్బున్న దేశాలు. పొదుపు అంతా ఒక దిక్కున, న్యాయం అంతా ఇంకో దిక్కున. ఐరోపా చేసిన తెలివైన పని ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడం. పెద్ద విద్యుత్ కేంద్రాలు, ఫ్యాక్టరీలు అప్పట్లో పదకొండు వేల దాకా ఉండేవి, మొత్తం ఉద్గారాల్లో సుమారు 45 శాతం వాటివే అయ్యేవి. వాటిని దేశాల పద్దుల్లోంచి తీసి ఒకే ఉమ్మడి పర్మిట్ల సంతలో పడేశారు. ఒక పర్మిట్టు ఉంటే ఒక టన్ను వదలొచ్చు. ఎక్కడ తగ్గించడం చవకో అక్కడే తగ్గుతుంది, దేశం ఏదైనా. ఆ పర్మిట్లను వేలం వేయగా వచ్చే డబ్బును పంచేటప్పుడు పేద దేశాలకు కొంత ఎక్కువ ఇస్తారు. రవాణా, ఇళ్లు, వ్యవసాయం లాంటి మిగతా రంగాలు మాత్రం దేశాల వాటాల కిందే ఉన్నాయి. 2020కి ఆ వాటాలు, 2005తో పోల్చి, డెన్మార్క్, ఐర్లండ్, లక్సెంబర్గ్‌లకు మైనస్ 20 నుంచి బల్గేరియాకు ప్లస్ 20 దాకా ఉండేవి. 2030కి మొదట సున్నా నుంచి మైనస్ 40గా, 2023లో సవరించాక మైనస్ 10 నుంచి మైనస్ 50గా మారాయి. అంటే ఇప్పుడు ప్లస్సులు పోయాయి. బల్గేరియా రైతు కూడా ఎంతో కొంత తగ్గాలి.

సంత మొదలైంది 2005లో. మొదటి మూడేళ్లూ నగుబాటు. ఫ్యాక్టరీలు ఎంత వదులుతున్నాయో కచ్చితమైన లెక్కలు లేకుండా, ఒక్కో దేశం తన పరిశ్రమకు ఉదారంగా పర్మిట్లు పంచేసింది. 2006 ఏప్రిల్‌లో తొలి అసలు లెక్కలు బయటికొచ్చేసరికి పర్మిట్లు అవసరానికి మించి ఉన్నాయని తేలింది. 30 యూరోల ధర కొన్ని వారాల్లో సగానికి పైగా పడిపోయింది, 2007 చివరికి దాదాపు సున్నాకి చేరింది. ఆ తర్వాత 2008 ఆర్థిక మాంద్యం. ఫ్యాక్టరీలు నిద్రపోయాయి, పర్మిట్లు మాత్రం షెడ్యూలు ప్రకారం వస్తూనే ఉన్నాయి. 2013లో మిగులు 200 కోట్లకు చేరి, టన్ను ధర అయిదు యూరోల కిందకు జారింది. ఆ ధరకి బొగ్గు వదిలి గ్యాసుకి మారేవాడెవడు?

ఉద్గారాల లక్ష్యం, పునరుత్పాదక లక్ష్యం పక్కపక్కన పెడితే ఒకదాని కాలు ఇంకొకటి తొక్కుతుంది. జర్మనీ సబ్సిడీలిచ్చి గాలిమరలు పెడితే అక్కడి బొగ్గు కేంద్రాలకు పర్మిట్ల అవసరం తగ్గుతుంది. ఆ మిగిలిన పర్మిట్లు చవకగా పోలండ్‌కి పోతాయి. మొత్తం మీద తగ్గింది శూన్యం. బ్రిటన్ ఒకే లక్ష్యం చాలనడానికి కారణాల్లో ఇదీ ఒకటి, ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. జర్మనీ ఖరీదుగా కొన్న ఆ తొలి సౌర పలకల వల్లే ప్రపంచంలో వాటి ధర దిగొచ్చింది, రాయలసీమ ఎండలో ఇవాళ యూనిట్టు చవకగా పండటం వెనక ఆ ఖర్చు ఉంది. ఒక్క ఐరోపా సంత లెక్కల్లోనే చూస్తే ఇది కనపడదు.

2019 జనవరి నుంచి మిగులు పర్మిట్లను పక్కకు లాగి దాచే ఏర్పాటు మొదలయ్యాక సంత కోలుకుంది. 2023 ఫిబ్రవరిలో ధర మొదటిసారి వంద యూరోలు దాటింది. ఈ వ్యవస్థలో అందరి కళ్లూ 2030 మీద ఉంటాయి గానీ నన్నడిగితే అసలు చూడాల్సింది ఏటేటా కోసే కోత. ఏడాదికి ఎన్ని పర్మిట్లు తగ్గించి విడుదల చేయాలో చట్టంలో రాసి ఉంటుంది. మొదట అది 1.74 శాతం, 2021 నుంచి 2.2, 2024 నుంచి 4.3, 2028 నుంచి 4.4. మంత్రులు మారినా, ఎన్నికలు వచ్చినా ఆ కోత దానంతటదే పడుతుంది. ఆపాలంటే కొత్త చట్టం చేయాలి, దానికి మళ్లీ మెజారిటీ కూడగట్టాలి. దూరపు వాగ్దానానికి ప్రాణం వచ్చేది ఇలాంటి నీరసమైన నిబంధనల వల్లే.

ఈ మాటకు రుజువుగా 2014 నాటి పునరుత్పాదక లక్ష్యం 27 శాతాన్ని చూడవచ్చు. అది యూనియన్ మొత్తానికి కట్టుబాటు, ఏ ఒక్క దేశానికీ కాదు. దేశాల వారీ లక్ష్యాలు వద్దని బ్రిటన్, పోలండ్ పట్టుబట్టి సాధించుకున్నాయి. అందరిదీ అయిన బాకీని వసూలు చేసేదెవరు? నాలుగేళ్ల తర్వాత ఒక చట్టం చేసి, ప్రతి దేశం పదేళ్ల ప్రణాళిక రాసివ్వాలని, అవన్నీ కలిపి చాలకపోతే ఎవరు ఎంత తక్కువ రాశారో చెప్పే సూత్రం ఒకటుంటుందని తేల్చారు. ఆ సూత్రం చూస్తే ముచ్చటేస్తుంది: సమాన వాటా, తలసరి ఆదాయం వాటా, కొంచెం భౌగోళిక అవకాశాల వాటా. పాత పంపకాన్ని ముందు గుమ్మంలోంచి పంపేస్తే అది దొడ్డిదారిన లోపలికొచ్చింది. తేడా ఏమిటంటే ఈసారి కమిషన్ సిఫార్సు చేయగలదు గానీ శాసించలేదు.

శాసించలేకపోవడానికి కారణం యూనియన్ మూల ఒప్పందంలో ఉంది. ఏ ఇంధనం వాడాలన్నది ఆయా దేశాల హక్కు అని అందులో స్పష్టంగా రాసుకున్నారు. ఆ ఎంపికను పెద్దగా మార్చే చట్టానికి అందరి సమ్మతీ కావాలి. మామూలు చట్టాలకు 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా మద్దతు ఉంటే చాలు. అయినా అధినేతల బల్ల దగ్గర ఏకాభిప్రాయం లేకుండా ముందుకెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు. 2019 జూన్‌లో 2050 నాటికి నికర శూన్య ఉద్గారాలు అన్న లక్ష్యాన్ని పోలండ్, హంగరీ, చెక్, ఎస్తోనియాలు అడ్డుకున్నాయి. అప్పుడు తీర్మానం కింద చిన్న అక్షరాల్లో ఒక పాదసూచిక పెట్టారు, సభ్యదేశాల్లో అత్యధికులు 2050కి ఒప్పుకున్నారని. ఇంత పెద్ద సంగతి ఒక ఫుట్‌నోటులో బతికింది! డిసెంబరుకి పోలండ్ ఒక్కటే మిగిలింది. ఆ ఏడాది తర్వాత బొగ్గు ప్రాంతాల కోసం ఒక నిధి, మరికొన్ని హామీలు వచ్చాయి, 2020 డిసెంబరులో రాత్రంతా కూర్చుని 2030 లక్ష్యాన్ని 40 నుంచి కనీసం 55కి పెంచారు. 2021లో అది చట్టమైంది. పోలండ్ 2023లో ఇందులో కొన్ని చట్టాల మీద కోర్టుకెక్కింది కూడా. అదే పోలండ్‌లో ఇళ్ల కప్పుల మీద సౌర పలకలు పుట్టగొడుగుల్లా లేచాయి, 2024 నాటికి కరెంటులో బొగ్గు వాటా 60 శాతం కిందకు దిగింది. సంతకం పెట్టనన్నవాళ్లూ మారుతూనే ఉంటారు.

2020 లెక్కలు తేలినప్పుడు ఫలితం బాగానే ఉంది. పునరుత్పాదక వాటా 22.1 శాతం. ఉద్గారాలు 1990 కంటే 30 శాతానికి పైగా తక్కువ, కోవిడ్ పుణ్యం కొంత ఉన్నా. పునరుత్పాదక లక్ష్యం తప్పిన దేశం ఒక్కటే, అదీ ఫ్రాన్స్: 23 అనుకుంటే 19.1. అయితే మిగతావాళ్లందరూ సొంత గాలిమరలతో గట్టెక్కలేదు. లక్సెంబర్గ్ 2017లో లిథువేనియా, ఎస్తోనియాల దగ్గర కాగితం మీద వాటా కొనుక్కుంది. కరెంటు తీగ ఒక్కటీ కదల్లేదు. వాళ్ల దగ్గర లక్ష్యానికి మించి ఉన్నది వీళ్ల ఖాతాలోకి మారింది, అంతే. నెదర్లాండ్స్ డెన్మార్క్ దగ్గర కొంది. ఇతర రంగాల ఉద్గారాల లెక్క సరిచేసుకోవడానికి జర్మనీ అంతటిది బల్గేరియా, చెక్, హంగరీల మిగులు కొనుక్కోవాల్సి వచ్చింది. మోసమని కొందరంటారు. నాకలా అనిపించదు. లక్ష్యం తప్పితే డబ్బు కట్టాలన్న భయం ఒక ప్రభుత్వానికి ఉందంటే ఆ లక్ష్యానికి పళ్లున్నట్టే.

ప్రపంచ స్థాయిలో ఆ పళ్లు లేవు. 2009లో కోపెన్‌హాగన్‌లో ఇలాంటి పంపకం కోసం చూసి చేతులెత్తేశారు. 2015 పారిస్ ఒప్పందం పంపకం ఊసే ఎత్తలేదు. ఎవరి మాట వాళ్లు రాసుకుని తెచ్చివ్వమంది. అన్నీ కలిపితే చాలడం లేదని ప్రతి ఏడాదీ తేలుతూనే ఉంది. పంచితే ఏ ప్రాతిపదిక మీద అన్న ప్రశ్నకు మన వైపు నుంచి గట్టి జవాబు 1991లోనే వచ్చింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ వాదించింది ఇదే: వాతావరణం భరించగల ఉద్గారాలను దేశాల లెక్కన కాకుండా తలల లెక్కన పంచాలి, పొట్టకూటి కోసం వరిమడిలోంచి వచ్చే మీథేన్‌ని, విలాసం కోసం కారు వదిలే పొగని ఒకే గాటన కట్టకూడదు. భారతదేశం తన లక్ష్యాలను ఎంచుకున్న తీరులో ఆ వాదన నీడ కనిపిస్తుంది. 2030 నాటికి తగ్గిస్తామన్నది మొత్తం ఉద్గారాలను కాదు, జీడీపీలో ఒక్కో రూపాయికి పడే ఉద్గారాలను, 2005తో పోలిస్తే 45 శాతం. నికర శూన్యానికి గడువు 2070. విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతరం కావాలన్న లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నామని ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే, కానీ అది సామర్థ్యం లెక్క. ఉత్పత్తి అయ్యే కరెంటులో ఏడు వంతులు, పదింటికి, ఇంకా బొగ్గువే. హారంలో ఏం పెడతామన్న దాన్నిబట్టి లక్ష్యం రూపమే మారిపోతుంది.

ఐరోపా లెక్క ఇప్పుడు ఐరోపా గుమ్మం దాటి మన దగ్గరికొచ్చింది. 2026 జనవరి 1 నుంచి యూనియన్‌లోకి దిగుమతయ్యే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల మీద వాటి తయారీలో వెలువడిన కార్బన్‌కి సర్టిఫికెట్లు కొనే నిబంధన అమల్లోకి వచ్చింది. ధర అక్కడి పర్మిట్ల ధరే. విశాఖ ఉక్కులోని గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ లాంటి బ్లాస్ట్ ఫర్నేసుల దారిలో టన్ను ఉక్కుకి రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లక్సెంబర్గ్ ముప్ఫై ఏళ్ల కిందట మారిన ఆర్క్ ఫర్నేసులో అయితే అందులో చిన్న వంతు. బ్లాస్ట్ ఫర్నేసు దారిలో తయారైన ఉక్కు ఏ భారతీయ కంపెనీది అయినా, బ్రస్సెల్స్‌లో రాత్రుళ్లు కూర్చుని తేల్చిన కోతలు దాని ధరలో చేరతాయి. ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ లేదు.

2040 లక్ష్యం కూడా ఇదే బాటలో వచ్చింది. యూనియన్‌కి సలహా ఇచ్చే శాస్త్రవేత్తల మండలి 2023 జూన్‌లో 90 నుంచి 95 శాతం తగ్గించమంది. 2025 నవంబరులో పర్యావరణ మంత్రులు మళ్లీ రాత్రంతా కూర్చుని 90కి ఒప్పుకున్నారు, ఒక మెలికతో. అందులో 5 శాతం దాకా, 2036 నుంచి, ఇతర దేశాల్లో జరిగిన తగ్గింపును కొనుక్కుని లెక్కలో వేసుకోవచ్చు. 5 అంటే చిన్నదేం కాదు. 1990 స్థాయిలో 5 శాతం కాబట్టి ఏడాదికి 20 కోట్ల టన్నుల పైమాటే. పారిస్ ఒప్పందం నిబంధనల ప్రకారం అమ్మిన దేశం ఆ టన్నులను తన ఖాతాలో తగ్గింపుగా చూపించుకోకూడదు, తిరిగి కలుపుకోవాలి. చవకగా తగ్గేవన్నీ ముందే అమ్ముకున్న దేశానికి సొంత లక్ష్యం కోసం ఖరీదైన టన్నులే మిగులుతాయి. భారత ప్రభుత్వం 2023లో ఇలా అమ్మకానికి పెట్టదగ్గ 13 పనుల జాబితా ప్రకటించింది: గ్రీన్ హైడ్రోజన్, సముద్రంలో పెట్టే గాలిమరలు, నిల్వ చేసి ఇచ్చే సౌరవిద్యుత్తు, కార్బన్‌ని పట్టి దాచడం లాంటివి. పొలం పక్కన, మేడ మీద పెట్టుకునే మామూలు సౌర పలకలు ఆ జాబితాలో లేవు.